అంతోని వారి పేరుతో ఒక కాగితం

మన చర్చి విచారణ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

కిందటేడు ఒక మంగళవారం పునీత అంతోని వారి ప్రార్థన అయ్యాక బెంచీలు సర్దుతుంటే నాకొక జిరాక్సు కాగితం దొరికింది. నాలుగు మడతలు పెట్టి పాటల పుస్తకంలో దాచారు. అందులో ఉన్న అంతోని వారి ప్రార్థనను 13 కాపీలు తీయించి 13 రోజుల్లో పంచాలట. పంచితే ఉద్యోగం, పంచకపోతే ఇంట్లో చావు. మర్నాడు ఒక అక్క దానికోసం వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో డబ్బుల్లేక గడువు దాటిపోయింది. ఆలోగా పిల్లాడికి జ్వరం. "అంతోని వారికి నా మీద కోపం వచ్చిందా అండీ?" అని ఏడ్చేసింది.

అసలు అంతోని వారెవరు? పాదువాలో ప్రసంగాలు చేసిన సన్యాసి. 1231 మార్చిలో ఇటలీలోని పాదువా నగరం ఒక చట్టం చేసింది. ఉన్న ఆస్తంతా అప్పగించేసిన బాకీదారుణ్ణి ఇక జైల్లో ఉంచకూడదని. ఆ చట్టం అంతోని వారు అడిగితేనే వచ్చింది. అదే ఏడాది జూన్ 13న ఆయన కన్నుమూశారు. అప్పులవాళ్ల సంకెళ్లు విప్పించిన మనిషి, జిరాక్సుకు డబ్బుల్లేని తల్లి మీద పగబడతాడా? ఆ కాగితం రాసినవాళ్లు ఆయన్ని బొత్తిగా ఎరగరు.

పునీతులను వేడుకోవడం తప్పని నేను అనను. ఇంట్లో కష్టం వస్తే "మా కోసం ప్రార్థన చేయండి" అని పక్కింటివాళ్లను అడుగుతాం. ప్రభువు సన్నిధిలో ఉన్నవాళ్లను అడగడమూ అంతే. ఆరాధన దేవుడికే, పునీతులకు గౌరవమే అని 787లో నికేయాలో కూడిన బిషప్పుల మహాసభ తేల్చింది. పునీతుల ప్రార్థన మంచిదని చెబుతూనే, అందులో చేరిన మూఢనమ్మకాన్ని తీసేయమని 1563లో ట్రెంట్ మహాసభ ఆదేశించింది. అంటే ఈ బెంగ మనకు కొత్తగా వచ్చింది కాదు.

అంతకన్నా పాతది, పునీత అగస్టీను గారి తల్లి మోనికమ్మ కథ. ఆఫ్రికాలో ఉన్నప్పటి అలవాటు కొద్దీ ఆమె ఇటలీలోని మిలాన్‌లో కూడా పునీతుల సమాధుల దగ్గరికి జావ, రొట్టె, ద్రాక్షారసం బుట్టలో పెట్టుకుని వెళ్లింది. ద్వారం దగ్గర కాపలావాడు ఆపేశాడు. బిషప్ అంబ్రోసు గారు వద్దన్నారని చెప్పాడు. అది తాగుడుకు దారి తీస్తుందని, చనిపోయినవారికి అన్యులు చేసే తంతులా ఉందని ఆయన అభిప్రాయం. ఆమె మారుమాట్లాడలేదు. అప్పట్నుంచి బుట్ట మానేసి ప్రార్థనతో వెళ్లేది, చేతనైనంత పేదలకు పెట్టేది. ఇదంతా కొడుకు అగస్టీను గారే రాశారు. బుట్ట పోయింది గాని, పునీతుల దగ్గరికి వెళ్లడం మాత్రం ఆమె మానలేదు చూడండి.

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత కొండెక్కి తలనీలాలు ఇచ్చేవాళ్లను చూసి కొందరు ముఖం చిట్లిస్తారు. నేను చిట్లించను. బిడ్డ బతికినందుకు కృతజ్ఞతగా ఇచ్చిన జుట్టు అది. అదే జుట్టు ‘ఇవ్వకపోతే మాత ఏం చేస్తుందో’ అన్న టెన్షన్‌తో ఇస్తే మాత్రం నాకు దిగులేస్తుంది. తీరా దిగి వచ్చాక ఏడాదంతా పూజకు రాకపోతే ఇంకా దిగులు.

ఆ అక్కను ముందు పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను, నేనూ తోడు వెళ్లాను. కాగితాన్ని ఆమే చించేసింది. మీ దగ్గర అలాంటివి ఉంటే వెళ్లేటప్పుడు నా చేతికివ్వండి. చించడానికి భయమేస్తే ఇక్కడే కూర్చోండి, కలిసి ప్రార్థన చేసుకుని చించుదాం.