గ్రిప్ కొనేముందు కుర్చీ చూడండి: పసిపిల్లల ఆక్యుపేషనల్ థెరపీపై ఫోన్-ఇన్

యాంకర్: పిల్లలకి రాత, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: హలో... వినబడుతోందా?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆఁ, తగ్గించాను. మేడమ్, మా బాబుకి నాలుగున్నరేళ్లు. పెన్సిల్ గుప్పిట్లో పట్టుకుంటాడు, రెండు లైన్లు రాస్తే చెయ్యి నొప్పంటాడు. టీచరేమో ఇంకా రాయించమంటారు, మా అత్తగారేమో వదిలెయ్యమంటారు. పెన్సిల్‌కి తొడిగే రబ్బరు గ్రిప్ ఉంటుంది కదా, అది కొనమంటారా?

థెరపిస్ట్: గ్రిప్ సంగతి తర్వాత. కూర్చుంటే కాళ్లు నేలకి ఆనతాయా?

కాలర్: లేదండీ, పెద్దవాళ్ల కుర్చీ. వేలాడుతుంటాయి.

థెరపిస్ట్: అదిగో! ఒళ్లు నిలుపుకోవడానికే బలమంతా సరిపోతే వేళ్లకేం మిగులుతుంది? కాళ్ల కింద పీట వెయ్యండి. పాదాలు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు 90 డిగ్రీలు వంగాలి, బల్ల మోచేతి ఎత్తుకి రావాలి. ఇక రాత కొన్నాళ్లు పక్కన పెట్టి, గోడకి వాడి కళ్ల ఎత్తులో కాగితం అంటించండి. నిలబడి గీస్తే మణికట్టు వెనక్కి వంగుతుంది, అప్పుడే వేళ్లు బాగా కదులుతాయి. క్రేయాన్ 2, 3 సెంటీమీటర్ల ముక్కలు చేసివ్వండి. అంత చిన్న ముక్కని గుప్పిట్లో పట్టి గీద్దామన్నా కుదరదు. ఏడిపించి మాత్రం చేయించొద్దు.

కాలర్: సరే మేడమ్. మరి గ్రిప్పుల్లో ఏది మంచిది...

థెరపిస్ట్: మళ్లీ గ్రిప్ దగ్గరికే వచ్చారమ్మా! ఇప్పుడే కొనద్దు. భుజంలో, మణికట్టులో బలం లేకపోతే గ్రిప్ తొడిగినా దాన్నీ గుప్పిట్లోనే పడతాడు. బట్టల క్లిప్పులు బొటనవేలు, చూపుడువేలితో నొక్కి డబ్బా అంచుకి పెట్టమనండి. మీరు తొడలు పట్టుకుంటే వాడు చేతుల మీద నడవాలి. చీలమండలు పట్టుకోవద్దు, నడుము కిందికి జారిపోతుంది. రోజుకి పది నిమిషాలు చాలు. ప్లస్ గుర్తు చూసి గీస్తాడా?

కాలర్: సున్నా వస్తుంది. ప్లస్ వంకర పోతుంది.

థెరపిస్ట్: సున్నా మూడేళ్లకీ, ప్లస్ నాలుగేళ్లకీ, చతురస్రం నాలుగున్నర దాటాకా వస్తాయి, కాస్త అటూ ఇటూగా. ముందు అవి స్థిరపడనివ్వండి. రెండు మూడు నెలలకీ నొప్పి తగ్గకపోతే థెరపిస్ట్‌కి స్వయంగా చూపించండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్?

కాలర్: మా పాపకి అయిదేళ్లండీ, గుండీలు పెట్టుకోదు.

థెరపిస్ట్: చొక్కా ఒంటి మీద కాకుండా బల్ల మీద పరిచి, పెద్ద గుండీతో మొదలెట్టండి సార్. కన్నంలోంచి సగం మీరు దూర్చండి, బయటికి లాగడం తను చేస్తుంది. అది వచ్చాక దూర్చడం, ఇలా చివరి మెట్టు నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లి నేర్పండి. స్కూలుకి బయల్దేరే హడావిడిలో వద్దు. ఏడిపించొద్దు.

యాంకర్: థాంక్యూ సార్. చివరి కాల్, త్వరగా చెప్పండి.

కాలర్: పది నెలల బాబండీ. ఏదిచ్చినా కుడిచేత్తోనే అందుకుంటాడు. అందరూ కుడిచేతివాటం అంటున్నారు.

థెరపిస్ట్: ఎడమ గుప్పిట మూసే ఉంటుందా?

కాలర్: ఎక్కువగా మూసే ఉంటుంది.

థెరపిస్ట్: ఏడాది లోపు చేతివాటం తేలదమ్మా. ఒక చెయ్యి అసలు వాడట్లేదంటే ఆ చేతిలో ఏదో ఇబ్బంది ఉందేమో చూడాలి. ఈ వారమే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఎదురుచూడొద్దు.

కాలర్: భయపడాలా మేడమ్?

థెరపిస్ట్: భయం కాదు, ఆలస్యమే వద్దంటున్నాను. త్వరగా మొదలుపెడితే ఆ చేతికి పని నేర్పడం తేలిక.

యాంకర్: సమయం అయిపోయింది. నమస్కారం.