సాక్షికి సమన్లు: జారీ, అందజేత

గౌరవనీయులైన పెద్దలకు, సహ న్యాయవాదులకు, విద్యార్థులకు నమస్కారం.

క్రిమినల్ కేసుల్లో వాయిదాలకు సాక్షి రాకపోవడం ఒక కారణమైతే, అతనికి సమన్లు అసలు అందాయో లేదో రికార్డు చూసి తేల్చలేకపోవడం అంతకంటే పెద్ద చిక్కని నా అభిప్రాయం. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ విషయం 63 నుంచి 71 వరకు గల సెక్షన్లలో ఉంది.

సమన్లు రెండు ప్రతుల్లో, న్యాయాధికారి సంతకంతో, కోర్టు ముద్రతో వెలువడాలి. లేదా ముద్ర ప్రతిరూపమో డిజిటల్ సంతకమో ఉన్న ఎలక్ట్రానిక్ రూపంలో ఉండవచ్చు. జారీ గురించి ఇంతకు మించి చెప్పవలసింది తక్కువ.

అందజేతలో మాత్రం ఒక వరుస ఉంది. వీలైనంతవరకు మనిషికి నేరుగా ఇవ్వాలి. అందజేసే అధికారి కోరితే, తీసుకున్న వ్యక్తి రెండో ప్రతి వెనుక సంతకం చేయాలి. తగిన శ్రద్ధతో వెతికినా దొరకనప్పుడే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయోజనులలో ఒకరికి ఇవ్వవచ్చు. దీనికి ముందున్న 1973 నాటి నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) ఇక్కడ వయోజన పురుషులనే గుర్తించింది. భార్య ఎదురుగా ఉన్నా ఆమె చేతికి ఇవ్వడానికి వీల్లేని ఆ వింత నిబంధనను కొత్త చట్టం, ఆలస్యంగానైనా, తొలగించింది. పనివారు మాత్రం అప్పుడూ ఇప్పుడూ కుటుంబ సభ్యుల లెక్కలోకి రారు. అదీ కుదరకపోతే ఇంటికి స్పష్టంగా కనిపించే చోట ఒక ప్రతిని అంటించాలి. అయితే అంటించినంత మాత్రాన అందినట్టు కాదు. కోర్టు తగిన విచారణ జరిపి అలా ప్రకటించాలి, లేదా మళ్లీ అందజేయమని ఆదేశించాలి. "ఇంటికి తాళం ఉంది, తలుపుకు అంటించాను" అన్న ఏకవాక్య నివేదికలో ఎన్నిసార్లు వెళ్లారో, ఏ వేళకు వెళ్లారో, ఇరుగుపొరుగును అడిగారో లేదో లేకపోతే శ్రద్ధకు రుజువేది?

సాక్షులకైతే కోర్టు వీటితోపాటే ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో రిజిస్టర్డ్ పోస్టులోనో ప్రతిని పంపించవచ్చు. సాక్షి తీసుకోవడానికి నిరాకరించాడని తపాలా ఉద్యోగి రాస్తే, అందినట్టే ప్రకటించవచ్చు. ఈ వెసులుబాటును పోలీసు నోటీసులకు పొడిగించకూడదు. 35వ సెక్షన్ కింద ఇచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది.

సరైన కారణం లేకుండా గైర్హాజరైన సాక్షికి 389వ సెక్షన్ కింద, సంజాయిషీకి అవకాశమిచ్చాక, 500 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ దశలో సాక్షి తరఫు న్యాయవాది మొదట చూడవలసింది రెండో ప్రతి వెనుక సంతకం ఎవరిదన్నదే.