రైతు పేరు చెప్పి సరదా వేటను తేవద్దు

అందరికీ నమస్కారం. పొలం పనులు పక్కనపెట్టి వచ్చిన రైతన్నలకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు కృతజ్ఞతలు.

సరదా కోసం అడవి జంతువులను చంపడం మన దేశంలో నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ తర్వాత కూడా లైసెన్సు తీసుకొని కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులను ఎత్తేశారు. అంత కష్టపడి తెచ్చుకున్న నిషేధాన్ని రైతు పంట కాపాడాలంటూ సడలించాలనే మాట ఇప్పుడు మళ్లీ వినబడుతోంది. అందుకే ఈ సభ.

లైసెన్సు కూడా అడగని రోజుల్లో ఏం జరిగేదో ఒక్క రాత్రి సంగతి చెబుతాను. 1947. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం. అక్కడి మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రిపూట కారులో వెళ్తున్నాడు. దారిలో మూడు చీతాలు పక్కపక్కనే కూర్చుని కనిపించాయి. మూడూ మగవే, ఒకే ఈతలో పుట్టినవి కావచ్చు. మొదటి తూటాకు ఒకటి పడిపోయింది. రెండో తూటా ఇంకోదాని ఒంట్లోంచి దూసుకెళ్లి వెనకున్న మూడోదాన్నీ చంపింది. అవి ఎవరి మీదకూ రాలేదు, ఎవరి చేనూ మేయలేదు. ఈ దేశపు చివరి చీతాలుగా చెప్పుకునేవి అవే. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. మళ్లీ 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చుకున్నాం. రెండు తూటాల సరదాకు మనం కడుతున్న ఖరీదు అది.

మన దగ్గరికొస్తే, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. ఈ రోజు విజయవాడ హైవే పక్కన, అన్ని కాలనీల మధ్య కృష్ణ జింకలు మేస్తున్నాయంటే, అక్కడ తుపాకీ ఆగింది కాబట్టే.

ఇక పంట సంగతి. అడవి పందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్నను ఎలా పడగొడతాయో, వేరుశనగను ఎలా పెళ్లగిస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నష్టం నిజం, మీ కడుపుమంట నిజం. కానీ దానికి చట్టంలో దారి ఉంది. పంటను పాడుచేస్తున్న పందిని చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే అటవీ శాఖ పెద్ద అధికారి, అనుమతి ఇవ్వొచ్చు. జంతువు మీదపడితే ప్రాణం కాపాడుకోవడానికి చంపడం నేరమే కాదు. కాబట్టి రైతు కోసమే వేటను తెరవాలన్న వాదన నాకు మింగుడుపడదు.

నా టెన్షనల్లా ఆ దారిలో ఎవరు దూరుతారన్నదే. 2016లో బిహార్‌లోని మొకామాలో రెండు వందలకు పైగా మనుబోతులను (నీల్‌గాయ్‌లను) కాల్చారు. అందుకోసం మన హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించారు. ప్రభుత్వ అనుమతితోనే జరిగింది. అనుమతి కాగితం చేతిలో పడ్డాక, చీకట్లో పేలిన తూటా పందికి తగిలిందో దుప్పికి తగిలిందో ఎవరు చూడొచ్చారు?

ఇంకో మాట. నల్లమలలో తేనె తీసి, దుంపలు తవ్వుకొని, ఆకలికి చిన్న వేట వేటాడిన చెంచులనూ, రైఫిల్‌తో ఫొటో దిగడానికి అడవికొచ్చే డబ్బున్నవాళ్లనూ ఒకే గాటన కట్టకండి. మన పోరాటం ఈ రెండోవాళ్లతోనే.

గ్రామసభ తీర్మానంలో మనం అడిగేది ఇదీ. పందిని కాల్చే అనుమతి ఇచ్చిన ప్రతిసారీ ఫారెస్ట్ సిబ్బంది దగ్గరుండాలి. ఎన్ని తూటాలు పేలాయో, ఏ జంతువు పడిందో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. మాంసం ఒక్క ఇంటికీ చేరకూడదు, కళేబరాన్ని అందరి ముందే పూడ్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, పంట నష్టపరిహారం తర్వాతి పంట వేసేలోపే రైతు ఖాతాలో పడాలి. అది ఆలస్యమైనన్నాళ్లూ రైతు చేనుకు కరెంటు తీగ చుడుతూనే ఉంటాడు. ఆ తీగకు మనుషులూ పోతున్నారు.

కాగితం బల్ల మీద ఉంది. మార్చాల్సింది ఏమైనా ఉంటే ఇక్కడే చెప్పండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.