కడుపుతో ఉన్నప్పుడు థీమ్ పార్క్‌కి వెళ్తే ఏ రైడ్ ఎక్కొచ్చు, ఏది వద్దు?

[మొదటి షాట్: ఒర్లాండో, డిస్నీ వరల్డ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్క్. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రోలర్ కోస్టర్ క్యూ. పైన రైలు వెళ్తున్న చప్పుడు, పిల్లల కేకలు.]

"ఇది బుడ్డోళ్ల రైలే కదమ్మా, అంతంత పిల్లలు ఎక్కుతున్నారు, నీకేమవుతుంది?" అని మా అత్తయ్య గారు సరిగ్గా ఈ చోటే నిలబడి అడిగారు. నాకప్పుడు ఐదో నెల దాటింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, ఎందుకంటే ఈ రైలు ఎక్కడానికి 38 అంగుళాల పొడవుంటే చాలు, నాలుగేళ్ల మా వాడు కూడా ఎక్కేస్తాడు. కానీ క్యూ మొదట్లో ఉన్న బోర్డు మీద మాత్రం గర్భిణులు ఎక్కకూడదని రాసి ఉంది.

నమస్తే అండీ. మేము అట్లాంటాలో ఉంటాం. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే ఇక్కడ చాలామంది తెలుగువాళ్లు చేసే పనే మేమూ చేశాం, కారేసుకుని ఏడు గంటలు ఒర్లాండోకి వెళ్లాం. అయితే ఆ ట్రిప్పు అనుకున్నప్పుడు నేను కడుపుతో లేను, టికెట్లు కొన్నాక తెలిసింది. వెళ్లాలా మానాలా, వెళ్తే ఏమెక్కాలి అని నెల రోజులు టెన్షన్ పడ్డాను. అప్పుడు డాక్టర్‌ని అడిగి, ఒక్కో రైడ్ రూల్స్ చదివి, తర్వాత నా కళ్లతో చూసి తెలుసుకున్నదంతా ఈ వీడియోలో చెప్తాను.

ముందుగా ఒక మాట. పిల్లలకి సేఫ్ అయితే మనకీ సేఫే అనే లెక్క పనికిరాదు. పిల్లల విషయంలో పార్కువాళ్లు చూసేది సీటులో మనల్ని పట్టి ఉంచే బార్ కింద నుంచి జారిపోకుండా ఉంటారా లేదా అని. మన విషయంలో చూడాల్సింది కుదుపు. అంటే వేగం కాదు, ఎత్తూ కాదు. వేగంగా వెళ్తున్నది ఒక్కసారిగా ఆగడం, మలుపులో పక్కకి విసిరినట్టు తిప్పడం, గభాలున కిందికి దిగడం, వీటితోనే ఇబ్బంది.

[స్క్రీన్ మీద: గాలి ఊదిన బెలూన్, దాని మీద అతికించిన గుండ్రటి కాగితం.]

ఈ బెలూన్‌ని గర్భసంచి అనుకోండి, దానికి అతుక్కుని ఉన్న ఈ కాగితం మాయ, అంటే ప్లాసెంటా. నిజంగా అయితే అది లోపల వైపు అతుక్కుని ఉంటుంది. గర్భసంచి కండరం కాబట్టి సాగుతుంది. మాయకి ఆ సాగే గుణం లేదు. ఇప్పుడు బెలూన్‌ని ఒక్కసారిగా పక్కకి లాగితే ఏమైంది చూడండి, బెలూన్ సాగింది, కాగితం సాగలేదు, అంచు దగ్గర ఊడింది. కారు గట్టిగా ఢీకొన్నప్పుడు కడుపుకి నేరుగా దెబ్బ తగలకపోయినా మాయ ఊడే ప్రమాదం ఉందని డాక్టర్లు భయపడేది ఇందుకే. బిడ్డకి ఆక్సిజన్ అందేది ఆ మాయ ద్వారానే కదా.

మరి రోలర్ కోస్టర్ కుదుపు కారు యాక్సిడెంట్ అంత ఉంటుందా అంటే ఉండదు. కానీ ఎంత కుదుపు దాకా ఫర్వాలేదో చెప్పే అంకె ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే కడుపుతో ఉన్నవాళ్లని రైడ్ ఎక్కించి ఎవరూ పరీక్ష చేయరు, చేయకూడదు కూడా. అందుకే "మా తోటికోడలు ఏడో నెలలో ఎక్కింది, ఏమీ కాలేదు" అని ఎవరైనా అంటే ఆవిడకి ఏమీ కానందుకు సంతోషించండి, అంతేగానీ అది చూసి మీరు ఎక్కొద్దు.

రెండోది ఆ బార్. మైన్ ట్రైన్ పెట్టెని దగ్గరగా చూడండి. కూర్చోగానే ఇనుప బార్ తొడల మీదికి దిగుతుంది, టక్ టక్‌మని ఒక్కో మెట్టూ బిగుసుకుంటుంది, తర్వాత స్టాఫ్ వచ్చి సరిగ్గా పడిందా లేదా అని చేత్తో లాగి చూస్తారు. ఆ బార్ మామూలు ఒంటికి సరిపోయేలా చేసింది. ఐదో నెల తర్వాత అది పొత్తికడుపు మీద ఆనుతుంది, లేదంటే కడుపు అడ్డొచ్చి పూర్తిగా దిగదు. ఆనితే రైలు కుదిపినప్పుడల్లా ఆ బరువు కడుపు మీదే పడుతుంది, దిగకపోతే మీరు సీటులో కుదురుగా ఉండరు. రెండిట్లో ఏదీ మంచిది కాదు.

[షాట్: పార్క్ మ్యాప్ మీద వేలు.]

సరే, ఇప్పుడు రైడ్‌ల దగ్గరికి వద్దాం. ఇక్కడి డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, యానిమల్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్. స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్, 2023లో తెరిచిన ట్రాన్, ఎప్కాట్‌లో కాస్మిక్ రివైండ్, యానిమల్ కింగ్‌డమ్‌లో ఎవరెస్ట్, హాలీవుడ్ స్టూడియోస్‌లో టవర్ ఆఫ్ టెర్రర్, ఇవి వద్దని ఎవరూ చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. నేను మోసపోబోయింది చూడ్డానికి మెత్తగా కనిపించేవాటి దగ్గర.

బార్న్‌స్టార్మర్ ఉంది, చిన్నపిల్లల కోస్టర్, 35 అంగుళాలుంటే చాలు, నిమిషంలో అయిపోతుంది. అయినా వద్దు. టుమారోలాండ్ స్పీడ్‌వే అని పిల్లల కార్లు, నెమ్మదిగానే వెళ్తాయి, కానీ వెనకాల కారు నడిపేది ఎవరో తొమ్మిదేళ్ల బాబు, వచ్చి ధబ్‌మని గుద్దుతాడు. అదీ వద్దు. మన ఎగ్జిబిషన్లలో, మాల్స్‌లో ఉండే డాషింగ్ కార్లకీ ఇదే మాట, అక్కడైతే గుద్దుకోవడమే ఆట కదా.

స్టార్ టూర్స్, స్మగ్లర్స్ రన్ లాంటివి ఇంకో రకం. గది ఎక్కడికీ కదలదు, ఎదురుగా స్క్రీన్ మాత్రమే, సినిమా చూసినట్టు ఉంటుందిలే అనుకుంటాం. కానీ గది కింద యంత్రాలుంటాయి, స్క్రీన్ మీద ఓడ ఎటు వంగితే గది అటు విసురుతుంది. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ అయితే చాలాసేపు నున్నగా వెళ్తుంది, చివర్లో ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఈ మూడింటి దగ్గరా గర్భిణులకి హెచ్చరిక ఉంది. సగం రైడ్ చూసి "ఇంతేనా" అనుకుంటే సరిపోదు, మధ్యలో దిగిపోవడానికి కుదరదు కాబట్టి మొత్తం తెలుసుకునే ఎక్కాలి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ. పొడవు రూల్ లేదు, చంటిపిల్లలు కూడా ఒళ్లో కూర్చుని వెళ్తారు, ట్రక్ ఎక్కి జిరాఫీల్నీ ఏనుగుల్నీ చూసి రావడమే. కానీ అక్కడా హెచ్చరిక ఉంది. ఎందుకో ట్రక్‌ని చూస్తే తెలిసింది. అడవి దారిలా ఉండాలని ఆ రోడ్డుని గుంటలు, గట్లతో కావాలనే అలా కట్టారు, పల్లెటూళ్లో గతుకుల రోడ్డు మీద ఆటోలో వెనక సీటులో ఎగిరిపడ్డట్టే ఉంటుంది. అందుకే ఒకటి గుర్తుపెట్టుకోండి: పొడవు రూల్ ఉన్న రైడ్ అయితే దాదాపుగా వద్దనే అనుకోండి, కానీ పొడవు రూల్ లేదు కదా అని ఓకే అనేసుకోవద్దు. బోర్డు చదవాల్సిందే. మీ కడుపు ఇంకా బయటికి కనపడకపోతే అక్కడ ఎవరూ ఆపి అడగరు, మీరే చదువుకోవాలి.

[షాట్: ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవలు.]

మరి ఎక్కగలిగేవి ఉన్నాయా అంటే, బోలెడున్నాయి. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, జంగిల్ క్రూజ్, ఎప్కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్, యానిమల్ కింగ్‌డమ్‌లో నావీ రివర్ జర్నీ, పార్క్ చుట్టూ తిరిగే రైలు, కూర్చుని చూసే షోలు. రంగులరాట్నం కూడా ఎక్కొచ్చు, కానీ పైకీ కిందికీ కదిలే గుర్రం కాదు, దాంట్లో రథం లాంటి బల్ల ఒకటి ఉంటుంది, అందులో కూర్చోండి. పైరేట్స్‌లో చీకట్లో పడవ ఒకచోట చిన్నగా జారుతుంది, ఫ్రోజెన్ పడవలోనూ అలాంటిది ఒకటుంది. నేను ఆ రెండూ మానేశాను. కచ్చితంగా మానాలని కాదు, ఆ జారుడు ఎప్పుడొస్తుందా అని బిగుసుకుని కూర్చోవడం నాకే ఇష్టం లేకపోయింది. తిరిగే టీ కప్పుల్లో కుదుపు పెద్దగా లేదు కానీ వేవిళ్లు తగ్గనివాళ్లు అటు చూడకపోవడమే మేలు.

ఈ నెమ్మది రైడ్‌లలో అసలు జాగ్రత్త ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. హాంటెడ్ మ్యాన్షన్‌లో బండి ఆగదు, కదులుతున్న బెల్టు మీద నడుస్తూ ఎక్కాలి. కడుపు పెరిగేకొద్దీ బరువు ముందుకి వస్తుంది, కీళ్లు వదులవుతాయి, మామూలుగా తూలని మనిషి కూడా తూలుతుంది. నేను ముందే స్టాఫ్‌కి చెప్పాను, బెల్టు ఆపారు, ఎక్కాను. ఒక్క అర నిమిషం పని. మొహమాటపడకండి, వాళ్లు ఏమీ అనుకోరు. పడవల్లో సీటు బాగా కిందికి ఉంటుంది, తడిగా ఉంటుంది, ముందు ఇంట్లోవాళ్లు దిగి చెయ్యి ఇచ్చాకే మీరు దిగండి.

నీళ్ల పార్కులైతే స్లైడ్‌లు ఒక్కటి కూడా వద్దు. కింద నీళ్లలో పడేటప్పుడు తగిలే దెబ్బ, వెనక నుంచి ఇంకొకరు వచ్చి గుద్దే అవకాశం, రెండూ ఉన్నాయి. వేవ్ పూల్‌లో అల కంటే పక్కవాళ్ల మోచేతులతోనే భయం. డిస్నీవాళ్ల నీళ్ల పార్కు టైఫూన్ లగూన్‌లో క్యాస్ట్‌అవే క్రీక్ అని ట్యూబ్‌లో కూర్చుంటే మెల్లగా తీసుకెళ్లే కాలువ ఉంది, అలాంటివి హాయిగా ఉంటాయి, మెట్ల దగ్గర జారకుండా చూసుకుంటే చాలు.

హైదరాబాద్‌లో చూస్తున్నవాళ్లకి కూడా లెక్క ఇదే. రావిర్యాల వండర్‌లాలో రికాయిల్ లాంటి వెనక్కీ ముందుకీ తిప్పే కోస్టర్లు, గింగిరాలు తిప్పేవి, స్లైడ్‌లు అన్నీ పక్కన పెట్టేయాలి. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తే కొలంబస్, బ్రేక్ డ్యాన్స్ వద్దు. జెయింట్ వీల్ నెమ్మదే కానీ పైన ఆగిపోతే ఎంతసేపు ఉండాలో తెలియదు, ఊగే తొట్టెలోకి ఎక్కడం దిగడం కూడా కష్టమే, అందుకని నేనైతే వద్దనే చెప్తాను. అక్కడ బోర్డు కనిపించలేదంటే ఎక్కొచ్చని అర్థం కాదు. విశాఖలో కైలాసగిరి టాయ్ ట్రైన్ అయితే కిటికీ పక్కన కూర్చుని సముద్రం చూసుకుంటూ రావచ్చు.

ఇంకో ప్రశ్న చాలామంది నన్ను పర్సనల్‌గా అడిగారు. "అక్కా, ప్రెగ్నెన్సీ అని తెలియక ముందే రోలర్ కోస్టర్ ఎక్కేశాను, ఇప్పుడేం చేయాలి?" అని. ముందు భయపడటం ఆపండి. మొదటి మూడు నెలల్లో గర్భసంచి చిన్నది, కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది. నొప్పి, బ్లీడింగ్ లేకపోతే వచ్చే చెకప్‌లో డాక్టర్‌కి చెప్పండి, రాత్రంతా ఏడుస్తూ కూర్చోవద్దు. అలాగని తెలిశాక ఎక్కడం వేరు, అది మొదటి నెల అయినా సరే వద్దు.

కొంతమంది నేను ఎక్కొచ్చన్న నెమ్మది రైడ్‌ల గురించి కూడా ముందు డాక్టర్‌ని అడగాలి. మాయ కిందికి ఉందన్నవాళ్లు, బ్లీడింగ్ అయినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ముందు కాన్పు నెలలు నిండక ముందే అయినవాళ్లు. ఇలాంటివాళ్లు అసలు ప్రయాణం గురించే అడగాలి.

[షాట్: మధ్యాహ్నం ఎండ, నీడలో బల్ల.]

నిజం చెప్పాలంటే ఆ రోజు నన్ను ఇబ్బంది పెట్టింది రైడ్ కాదు, ఎండ. ఫ్లోరిడాలో ఎండాకాలం మన విజయవాడ ఉక్కలాగే ఉంటుంది, నిలువునా చెమటే. ఒంట్లో నీళ్లు తగ్గితే కడుపు గట్టిపడుతుంది, బిగిసి వదులుతుంది. నాకు మధ్యాహ్నం ఒంటి గంటకి అలాగే అయింది. నీడలో ఎడమ పక్కకి ఒరిగి కూర్చున్నాను, మా అత్తయ్య గారు ఫుడ్ కౌంటర్‌కి వెళ్లి ఐస్ వాటర్ తెచ్చారు, అడిగితే ఉచితంగానే ఇస్తారు, రెండు గ్లాసులు తాగాక తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌కి వెళ్లేదాన్ని, నాలుగు పార్కుల్లోనూ ఉంటుంది, లోపలికి రాగానే అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. పడినా, కడుపుకి ఏదైనా తగిలినా, గట్టి కుదుపు వచ్చినా, నొప్పి లేకపోయినా సరే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. బ్లీడింగ్, ఉమ్మనీరు కారడం, కడుపు రాయిలా గట్టిపడి వదలకపోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ కూడా కాదు, నేరుగా హాస్పిటల్‌కే. ఐదో నెల దాటితే కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు గమనిస్తారు, ఎందుకంటే మాయ ఊడిన సంగతి వెంటనే బయటపడకపోవచ్చు. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఆ మాట వాళ్లు అడగకముందే చెప్పండి, మీ ఒళ్లు బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తిరగకుండా యాంటీ-డి అనే ఇంజెక్షన్ 72 గంటల్లోపు ఇవ్వాల్సి రావచ్చు.

[చివరి షాట్: రాత్రి, పీపుల్ మూవర్ పై నుంచి పార్క్ లైట్లు.]

మా వాడు వాళ్ల నాన్నతో మైన్ ట్రైన్ రెండుసార్లు ఎక్కాడు. ఆ టైమ్‌లో నేనూ అత్తయ్య గారూ పీపుల్ మూవర్ ఎక్కాం. గాల్లో కట్టిన పట్టాల మీద పది నిమిషాలు మెల్లగా తిప్పుతుంది, గాలి బాగా తగులుతుంది. మధ్యలో అది స్పేస్ మౌంటెన్ లోపలి నుంచి వెళ్తుంది. చుట్టూ చిమ్మచీకటి, ఎక్కడో పక్కనే కోస్టర్ మీద జనం కేకలు, మనం మాత్రం కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాం. సరిగ్గా అప్పుడే లోపల చిన్నది గట్టిగా తన్నింది, అత్తయ్య గారి చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకున్నాను, బయటికి వెలుతురులోకి వచ్చేదాకా ఆవిడ తీయలేదు.