ఆపరేషన్ తప్ప దారి లేదా? సర్వైకల్ క్యాప్‌పై స్టూడియో చర్చ

(ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. ఆ గొడవ మీద పెట్టిన చర్చ ఇది. మాటల మీద మాటలు పడ్డ చోట వినిపించినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఆంధ్రాలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళ కనే పిల్లల సగటు, 1.7కి పడిపోయింది. ముఖ్యమంత్రే ఎక్కువమందిని కనమంటున్నారు. ఇలాంటప్పుడు సర్వైకల్ క్యాప్ లాంటి కొత్త గర్భనిరోధక సాధనాల గురించి మాట్లాడటం అవసరమా? డాక్టర్ గారూ, ముందు అదేంటో చెప్పండి.

డాక్టర్: కొత్తదేం కాదండీ. 1838లోనే బెర్లిన్‌లో విల్డే అనే డాక్టరు ఒక్కొక్కరి కొలత తీసుకుని రబ్బరుతో చేయించి ఇచ్చారు. ఫెమ్‌క్యాప్ అని సిలికాన్‌ది ఒకటుంది, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. చిన్న టోపీలా ఉంటుంది. గర్భసంచి ముఖద్వారానికి తొడుక్కోవాలి. వీర్యకణాలను చంపే జెల్ రాసి, కలయికకు ముందే పెట్టుకోవాలి. తర్వాత కనీసం 6 గంటలు తీయకూడదు, మొత్తం మీద 48 గంటలు దాటి ఉంచకూడదు...

మహిళా కార్యకర్త: అసలు మాట వదిలేశారు. దాంట్లో హార్మోన్లు లేవు. కోత లేదు. మొగుడు ఒప్పుకుంటేనే అన్న బాధ లేదు. కండోమ్ అంటే ఆయన దయ. ఇది ఆమె చేతిలో ఉంటుంది.

డాక్టర్: నేను దానికే వస్తున్నా...

కార్యకర్త: రండి, కానీ ముందు ఈ లెక్క వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. దేశంలో పెళ్లయినవాళ్లలో, కుటుంబ నియంత్రణకు ఆడవాళ్ల ఆపరేషన్ 37.9 శాతం. మగవాళ్లది 0.3. ఆంధ్రాలో ఆడవాళ్ల ఆపరేషన్ దాదాపు 70 శాతం! పదిమందిలో ఏడుగురు. పాతికేళ్లు నిండకముందే ట్యూబులు కట్టించుకున్న అమ్మాయిలు మా మండలంలో ఎంతమందో. వాళ్లను ఎవరైనా అడిగారా, ఇంకో దారి ఉందమ్మా అని?

యాంకర్: కానీ మేడమ్, జనాభా తగ్గుతోందని ప్రభుత్వమే అంటుంటే...

కార్యకర్త: నిన్న ఇద్దరు చాలు అన్నారు, ఇవాళ ముగ్గురు కావాలంటున్నారు. రెండుసార్లూ మా కడుపు గురించి తీర్మానం చేసింది వేరేవాళ్లే!

ఫార్మసిస్ట్: నేనొక్క మాట చెప్పొచ్చా? మా షాపుకి ఒక అమ్మాయి...

యాంకర్: వస్తాను సార్, మీ దగ్గరికే వస్తాను. డాక్టర్ గారూ, ఇది ఎంతవరకు పనిచేస్తుంది?

డాక్టర్: అదే చెప్పనివ్వడం లేదు. ఏడాది పాటు మామూలుగా వాడితే, కాన్పు కాని వాళ్లు 100 మందిలో 14 మందికి దాకా గర్భం వస్తుంది. కాన్పు అయినవాళ్లలో 29 దాకా. మగవాళ్ల కండోమ్‌తో 13. గర్భసంచిలో వేసే కాపర్ టి అయితే ఒకరి కంటే తక్కువే. అందులోనూ హార్మోన్ లేదు. మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా బిడ్డ పుట్టిన తర్వాతే. దాదాపు ముగ్గురిలో ఒకరికి తప్పే దాన్ని నేనెలా రాసిస్తాను?

కార్యకర్త: కాపర్ టి వేసుకున్నాక నెలసరిలో ఎంత రక్తం పోతుందో మీకు తెలియదా? సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్న రాష్ట్రాలివి!

డాక్టర్: అందరికీ అలా కాదు. మొదటి నెలలు...

కార్యకర్త: అందరికీ కాకపోతే, కానివాళ్లకు వెయ్యండి. అయ్యేవాళ్లకు ఇంకోటి ఉండాలి కదా! నేనేం ఆపరేషన్లు రద్దు చెయ్యమనడం లేదు. నలుగురికి నాలుగు దారులు పెట్టండి అంటున్నా.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. డాక్టర్ ‘కొలత’ అన్నది మాత్రం వినిపించింది.)

డాక్టర్: ...మూడు కొలతలుంటాయి. 22 మిల్లీమీటర్లు, ఎప్పుడూ గర్భం దాల్చని వాళ్లకు. 26, గర్భం పోయినవాళ్లకు, సిజేరియన్ అయినవాళ్లకు. మామూలు కాన్పు అయితే 30. ఎవరికి ఏది సరిపోతుందో చూసి, పెట్టుకోవడం, తీయడం నేర్పాలి. అది అరగంట పని. మా ఓపీలో...

కార్యకర్త: సిజేరియన్ అన్నారు కాబట్టి చెప్తున్నా. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతలే! కడుపు కోసినప్పుడే ట్యూబులు కూడా కట్టేస్తున్నారు. మత్తులో ఉన్న మనిషి పక్కన అత్తగారు సంతకం...

డాక్టర్: సంతకం ఆమెదే ఉండాలి, నిబంధన ఉంది!

కార్యకర్త: నిబంధనలా? కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు మూడేళ్లలో ఆపమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి చేశారు. నలుగురు తల్లులు పోయారు. పసిపిల్లలున్న తల్లులు! క్యాప్ తప్పితే గర్భం వస్తుంది. అక్కడ ప్రాణమే పోయింది.

(స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డాక్టర్ తల వంచుకున్నారు. క్యాప్ తప్పి గర్భం నిలిచాక ఆ మనిషి ఏం పడాలో ఆయన అప్పుడే అడిగి ఉండాల్సింది, అడగలేదు.)

యాంకర్: చాలా బాధాకరం. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పిల్లలు తగ్గిపోతున్న రాష్ట్రంలో కొత్త సాధనం తెస్తే ఇంకా తగ్గరా?

ఫార్మసిస్ట్: ఎడం కోసమూ వాడతారు కదండీ. ఒకరికీ ఇంకొకరికీ మధ్య మూడేళ్లు...

యాంకర్: అంటే పెంచుతుందంటారా, తగ్గిస్తుందంటారా?

ఫార్మసిస్ట్: అది కాదు. అసలు ఇది నా షాపులో దొరకదు. ప్రభుత్వం ఇచ్చేవాటిలోనూ లేదు: నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్, కాపర్ టి లాంటివే. ఈమధ్య నెలసరిలో వాడే మెన్‌స్ట్రువల్ కప్పు కొన్నవాళ్లు కొందరు అది గర్భం కూడా ఆపుతుందనుకుంటున్నారు. ఆపదు. దయచేసి ఇది అందరికీ చెప్పండి.

కార్యకర్త: మంచి మాట. కప్పు పెట్టుకోవడం నేర్చుకున్న అమ్మాయిలు క్యాప్ పెట్టుకోలేరా? ఒంటి లోపల చెయ్యి పెట్టడం తప్పని మనకు నేర్పారు. 1950ల్లో మన కుటుంబ నియంత్రణ క్లినిక్‌లు క్యాప్ లాంటిదే అయిన డయాఫ్రమ్, జెల్ ఇచ్చాయి. పల్లెల్లో నీళ్లు లేవు, చాటు లేదు అని వదిలేశారు. ఇప్పుడు నీళ్లున్నాయి, తలుపున్న గదులున్నాయి. మళ్లీ ఎందుకు చూడరు?

డాక్టర్: ఒక హెచ్చరిక. ఆ జెల్‌లో సాధారణంగా నోనోక్సినాల్-9 అనే మందు ఉంటుంది. తరచూ వాడితే లోపలి పొర దెబ్బతింటుంది, హెచ్ఐవీ ముప్పు పెరుగుతుంది. క్యాప్ సుఖవ్యాధుల్ని ఆపదు. దానికి కండోమే...

కార్యకర్త: కండోమ్ వాడమని చెప్పాల్సింది ఆమెకు కాదు డాక్టర్ గారూ, ఆయనకు! ఆ 0.3 శాతం గురించి ఒక్క మాటైనా మాట్లాడారా ఇంతసేపు?

డాక్టర్: మాట్లాడే వీలు ఎక్కడ...

యాంకర్: సమయం అయిపోతోంది. మేడమ్, చివరిగా మీరే.

డాక్టర్: నాకు కూడా ఒక్క నిమిషం ఇస్తే...

కార్యకర్త: క్యాప్ గొప్పదని నేననడం లేదు. తప్పుతుంది, ఒప్పుకుంటున్నా. ఎంత తప్పుతుందో చెప్పి, ఆమెను ఎంచుకోనివ్వండి. ప్రతి పీహెచ్‌సీలో ఏఎన్ఎం ఒక అరగంట కూర్చుని అన్నీ చూపించాలి. ఆపరేషన్ చివర్లో చెప్పాలి, మొదట్లో కాదు.

ఫార్మసిస్ట్: ఆ అమ్మాయి సంగతి చెప్పలేదండీ. మాత్రలు పడటం లేదని, ఇంట్లో తెలియకూడదని, ఏదైనా ఉందా అని...

యాంకర్: సార్, బ్రేక్ తీసుకోవాలి. తిరిగొచ్చాక, పిల్లల్ని కంటే ప్రోత్సాహకాలు ఇవ్వాలా వద్దా?