ఎంపిక ఎంత కఠినంగా ఉండాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది తెలుగువాళ్లు వచ్చారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. ఈరోజు జెనెటిక్ అల్గారిథమ్‌లలో ఎంపిక గురించి మాట్లాడుకుందాం.

యశ్వంతపుర మార్కెట్ నుంచి బయలుదేరిన వ్యాను ఒకటి 20 దుకాణాలకు సరుకు వేసి రావాలనుకోండి. ఏ వరుసలో వెళ్లాలి? మొత్తం 24 వేల కోట్ల కోట్లకు పైగా వరుసలున్నాయి. అన్నీ చూడలేం. అందుకని ఏవో వంద రూట్లు తీసుకుని, బాగున్నవాటిని కలిపి, కాస్త మార్చి, తరం తర్వాత తరం మెరుగుపరుస్తాం. ఇదే జెనెటిక్ అల్గారిథమ్. కలపడాన్ని క్రాసోవర్, కాస్త మార్చడాన్ని మ్యుటేషన్ అంటాం. ఇవి కొత్త రూట్లను పుట్టిస్తాయి గానీ, ఏది మంచిదో వాటికి తెలియదు. అది చూసి, ఏవి ముందుకు వెళ్లాలో తేల్చేది ఎంపిక. మనవాళ్లేమో మ్యుటేషన్ రేటు మీద గంటలు గడిపి, ఎంపికను లైబ్రరీ డిఫాల్ట్‌కి వదిలేస్తారు. నా గొడవంతా దీని గురించే.

ఈ రంగానికి ఆద్యుడైన జాన్ హాలండ్ 1975 నాటి పద్ధతిలో ఫిట్‌నెస్, అంటే రూటు ఎంత బాగుందో చెప్పే మార్కు, ఎంతుంటే ఎంపికయ్యే అవకాశం అంత. రౌలెట్ చక్రం అంటాం. రెండు రూట్ల మార్కులు 1, 2 అయితే రెండోదానికి రెట్టింపు అవకాశం. అవే 1001, 1002 అయితే? తేడా అప్పుడూ ఒకటే, కానీ అవకాశాలు దాదాపు సమానం. అంటే చివర్లో, సన్నటి తేడాలే ముఖ్యమైన చోట, చక్రానికి చూపు ఆనదు.

టోర్నమెంట్ అనే ఇంకో ఎంపిక పద్ధతికి ఈ బాధ లేదు. ఏవో రెండింటిని తీసి పోల్చి, మెరుగైనదాన్ని ఉంచుకుంటాం. మార్కులెన్నో అక్కర్లేదు, ఎవరు ముందో తెలిస్తే చాలు. అయితే రెండింటినే ఎందుకు, పదింటిని పోల్చకూడదా? గోల్డ్‌బర్గ్, దేబ్ అనే పరిశోధకులు 1991లో ఇచ్చిన సూత్రంతో లెక్క కడదాం. క్రాసోవర్, మ్యుటేషన్ ఆపేసి ఎంపిక ఒక్కటే నడిపితే, వందలో ఉన్న ఒకే ఒక్క ఉత్తమ రూటు మొత్తాన్ని ఆక్రమించడానికి రెండేసి పోటీలో సుమారు 9 తరాలు పడుతుంది. పదేసి పోటీలో దాదాపు 3. వేగం బాగానే ఉంది. కానీ మూడో తరానికే వందా ఒకే రూటుకి నకళ్లయితే క్రాసోవర్ దేన్ని దేనితో కలపాలి?

డీజిల్ ఖర్చు, సమయం రెండూ తగ్గాలంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో దేబ్ బృందం ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జెనెటిక్ అల్గారిథమ్ ఇక్కడ నాకు చాలా ఇష్టం. ఖర్చు, సమయం రెండింటిలోనూ ఒకేసారి ఇంకే రూటు చేతిలోనూ ఓడిపోనివాటికి అది ముందు వరుస ఇస్తుంది. ఒకే వరుసలో ఉంటే, చుట్టూ తనలాంటి రూట్ల గుంపు తక్కువున్నదాన్ని తీసుకుంటుంది. వైవిధ్యాన్ని కాపాడే పని కూడా ఎంపికే చేస్తుందన్నమాట.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. టోర్నమెంట్ సైజు ముందు 2, తర్వాత 10 పెట్టి నడుపుదాం. ప్రతి తరంలో వేర్వేరు రూట్లు ఎన్ని మిగిలాయో కూడా ప్రింట్ చేయించండి.