వైరు తెగేది మెడ దగ్గరే

నమస్కారం అండీ. ఈరోజు వీడియోలో షికార్లు లేవు, కొత్త ఊళ్లు లేవు. బల్ల మీద నాలుగు వైర్లు, ఒక మల్టీమీటర్, ఒక చిన్న స్క్రూడ్రైవర్, పోయిన ఆదివారం నుంచి నాలో మిగిలిపోయిన కోపం. అంతే.

మొన్న ఫోనులో అమ్మతో, "పిల్ల ఎలక్ట్రిక్ ఫెన్సింగ్ పోటీలకు వెళ్తోంది" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "కరెంటు కంచె దగ్గర ఆటలేమిటే, నీకు బుద్ధి ఉందా?" అంది. కంచె కాదమ్మా, కత్తిసాము అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "మరి కత్తికి కరెంటెందుకు?" అన్నది తర్వాతి ప్రశ్న. ఈ వీడియోలో సగం ఆవిడ కోసమే.

ఎవరి పోటు ముందు తగిలిందో కంటితో తేల్చడం కష్టం. అందుకని ఎపే అనే కత్తికి 1936 ఒలింపిక్స్ నాటికే విద్యుత్ యంత్రం వచ్చింది. ఫాయిల్ అనే కత్తికి 1956 ఒలింపిక్స్‌లో వచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌లో మన భవానీ దేవి ఆడిన సేబర్ అనే మూడో కత్తికి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఎపే మొనలో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న బొత్తాం ఉంటుంది. అది ఎదుటివారి ఒంటికి నొక్కుకోగానే బల్ల మీది దీపం వెలుగుతుంది. కత్తి నుంచి ఆ యంత్రం దాకా సమాచారం పోవాలంటే ఆటగాడి చొక్కా చేతిలోంచి, వీపు మీదుగా ఒక వైరు వెళ్లాలి. దాని చివరను పిస్ట్, అంటే ఆట ఆడే పొడవాటి పట్టీ, వెనుక ఉండే రీలుకు తగిలిస్తారు. లాగితే సాగి, వదిలితే చుట్టుకునే ఆ రీలు తీగే యంత్రం దాకా వెళ్తుంది. చొక్కాలోంచి వెళ్లే ఆ వైరునే బాడీ కార్డ్ అంటారు. తెలుగులో రాస్తే రెఫరీ చూపించే పసుపు కార్డూ, ఈ కార్డూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నేను బాడీ వైరు అంటాను. షాకు భయం లేదమ్మా, పిల్లల బ్యాటరీ బొమ్మలో పారే పాటి కరెంటే.

ఇక ఆదివారం సంగతి. మా అమ్మాయి ఆడేది ఎపే. మూడో బౌటులో, అంటే మూడో ఆటలో, ఎదుటి అమ్మాయి మోకాలి మీద శుభ్రంగా పొడిచింది. కత్తి విల్లులా వంగడం నేను కూర్చున్న చోటు నుంచి కూడా కనిపించింది. దీపం వెలగలేదు. యంత్రం చూడని పోటు రెఫరీ లెక్కలోకి రాదు. కత్తి మార్చింది, మళ్లీ అంతే. వైరు మార్చమన్నారు. సంచిలోంచి రెండో వైరు తీసింది. అదీ పలకలేదు! పనిచేయని సామానుతో పిస్ట్ ఎక్కినందుకు పసుపు కార్డు, అంటే హెచ్చరిక. అదే బౌటులో ఇంకోసారి జరిగితే ఎర్ర కార్డు, అంటే ప్రత్యర్థికి ఉత్త పుణ్యానికి ఒక పాయింటు. పక్క పిస్ట్‌లో ఆడుతున్న పిల్ల తల్లి తన కూతురి వైరు చేతిలో పెట్టింది కాబట్టి ఆ బౌటు ముగిసింది. ఓడింది. ఓడినందుకు నాకు బాధ లేదు. ఆ రెండో వైరును నెలల తరబడి ఒక్కసారి కూడా పరీక్షించని దాన్ని నేనే.

ఇంటికొచ్చి రెండింటినీ విప్పాను. మొదటిది పారదర్శకమైన ప్లగ్గు, రెండు స్క్రూలు తిప్పితే పలకలా తెరుచుకుంది. ఎపే వైరుకు రెండు చివర్లా మూడేసి పిన్నులు. మధ్య పిన్నుకు ఒక పక్కది 15 మిల్లీమీటర్ల దూరంలో, మరో పక్కది 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడానికి వీలుండదు. మధ్యదీ, దగ్గరదీ కత్తి మొనకు వెళ్లే జంట. దూరంగా ఉన్నది కత్తి గార్డుకు, అంటే చేతిని కాపాడే లోహపు గిన్నెకు. ఆ జంటలో ఒక తీగ సరిగ్గా ప్లగ్గులోకి దూరే చోట, నేను మెడ అని పిలిచే చోట, లోపలే తెగి ఉంది. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. చెయ్యి చాచిన ప్రతిసారీ, చొక్కాలోంచి లాగిన ప్రతిసారీ వైరు వంగేది అక్కడే. లోపలి సన్నని పోగులు ఒక్కొక్కటిగా తెగుతూ వస్తాయి. నిలబడి పరీక్షిస్తే దీపం వెలుగుతుంది, ముందుకు దూకి పొడిస్తే వెలగదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తెగింది గార్డు తీగ అయితే మీ పోట్లన్నీ మామూలుగానే నమోదవుతాయి. ఎదుటివారి మొన మీ గార్డుకు తగిలినా వారికి దీపం వెలుగుతుంది, ఎందుకంటే దాన్ని ఆపాల్సిన దారి మీ వైరులోనే తెగిపోయింది. పాపం, పిల్ల మాత్రం తన ఆటే బాగోలేదనుకుంటుంది. మీ పిల్లలు ఎపేలో ఉన్నట్టుండి చేతి దగ్గర పోట్లు ఎక్కువగా తింటుంటే, కోచ్‌ను అడగడానికి ముందు వైరును అడగండి.

రెండో వైరు ప్లగ్గు అచ్చుపోసినది, నల్లగా, అందంగా, స్క్రూలు లేకుండా. విప్పే దారి లేక కత్తితో కోశాను. రాగి పోగులు పచ్చగా కిలుము పట్టి ఉన్నాయి. తడి గ్లవ్స్‌తో పాటు సంచిలో చుట్టి పడేస్తే చెమట ఉప్పు రాగిని తినేస్తుంది మరి. అయినా నా ఉక్రోషం చెమట మీద కాదు, ఆ అచ్చుపోసిన ప్లగ్గు మీద. తప్పు ఎక్కడుందో చూపించని వస్తువును నమ్మి పోటీకి ఎలా తీసుకెళ్తాం?

కాబట్టి కొనేటప్పుడు నేను చూసే మొదటి సంగతి, ప్లగ్గు తెరుచుకుంటుందా, లోపల తీగలు కనిపిస్తాయా అని. తర్వాత మెడ దగ్గర వైరును పట్టుకునే బిగింపు. ప్లగ్గును ఒక చేత్తో, వైరును ఒక చేత్తో పట్టుకుని మెల్లగా లాగితే ఆ బరువు బిగింపు మీద పడాలి, స్క్రూ కింద ఉన్న తీగ మీద కాదు. తీగను పిన్నుకు టంకం వేయడం మంచిదా, స్క్రూతో బిగించడం మంచిదా అని చాలామంది వాదించుకుంటారు. టంకం వదులు కాదు, కానీ అది పాకినంత మేరా తీగ బిరుసెక్కి, ఆ అంచునే విరుగుతుంది. స్క్రూ వదులవుతుంది, కానీ పోటీ మధ్యలో ఒక్క నిమిషంలో బిగించుకోవచ్చు. ఎపేకు నా ఓటు స్క్రూకే. పిన్నులు స్ప్రింగులా కాస్త ఉబ్బి సాకెట్‌లో బిగుతుగా కూర్చోవాలి. తలకిందులు చేస్తే జారిపడే ప్లగ్గు వద్దు.

ఫాయిల్ ఆడేవారికి ఇంకో చిక్కు. కత్తి వైపు కనెక్టర్లు రెండు రకాలు. ఒకటి, లావు సన్నం తేడాతో రెండు పిన్నులున్నది. రెండోది బయోనెట్, లోపలికి తోసి తిప్పితే తాళం పడుతుంది. ఒకదాని వైరు మరోదాని సాకెట్‌లో కూర్చోదు. క్లబ్బులో ఎక్కువమంది దగ్గర ఏది ఉందో చూసి అదే తీసుకోండి, ఆపదలో అరువు దొరుకుతుంది. సేబర్‌లోనూ ఇదే కథ. రెండు పిన్నుల రకమైతే ఊడకుండా పట్టే క్లిప్పు తప్పకుండా ఉండాలి. ఫాయిల్‌లో పోటు పడితే కరెంటు వలయం తెగుతుంది, అందుకే వైరు పాడైతే ఎవరినీ పొడవకుండానే తెల్ల దీపం, అంటే లెక్కలోకి రాని చోట పోటు పడిందని చెప్పే దీపం, వెలుగుతుంది. లోహపు జాకెట్‌కు తగిలించే మొసలి క్లిప్పును తీగకు టంకం వేసి ఉండాలి, ఆ టంకం బయటికి కనిపించాలి. దాని మీద టేపు చుడితే సామాను తనిఖీలో తిప్పి పంపుతారు.

పరీక్షించడం గురించి ఒక్క మాట. మల్టీమీటర్ బీప్ అంటే చాలనుకుని నేనూ మోసపోయాను. తీగ కరెంటుకు పెట్టే అడ్డును, అంటే నిరోధాన్ని, ఓమ్‌లలో కొలుస్తారు. చాలా మీటర్లు పదుల ఓమ్‌లున్నా బీప్ అంటాయి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఒక్కో తీగకు నిరోధం 1 ఓమ్ దాటకూడదు. ముందు మీటరు రెండు పుల్లలనూ ఒకదానికొకటి తాకించి వచ్చే అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత తీగ కొలతలోంచి అది తీసేయండి. కొలుస్తూ మెడను అటూ ఇటూ వంచండి. అంకె గెంతిందంటే తీగ చివరి రోజుల్లో ఉన్నట్టే.

తెగిన వైరును మెడకు కాస్త పైన కత్తిరించి, మూడు తీగలూ ఒలిచి, మళ్లీ బిగించాం. స్క్రూలు అమ్మాయే తిప్పింది. దూరపు పిన్నుకు తప్పుడు తీగ పెట్టి, విప్పి, నాలుక కరుచుకుని మళ్లీ పెట్టింది. కొలత 0.4 ఓమ్. వంచినా కదల్లేదు. ఎపే వైరు రెండు చివర్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి చెమట పట్టే కత్తి వైపును వారానికోసారి మార్చాలని కూడా అనుకున్నాం.

"ఇక సంచిలో పెట్టేయనా?" అంది.

"గ్లవ్స్ బయటికి తీశాక" అన్నాను. తీసింది. ఆదివారం నాటి తడి ఇంకా ఆరలేదు.